శాకాహారి పళ్ళెంలో బి12 లెక్క

మందుల షాపులో "బి12 బిళ్ళలు ఇవ్వండి" అని అడిగితే కౌంటర్ మీదికి నాలుగు రకాల షీట్లు వస్తాయి. ఒకదాని మీద 15 మైక్రోగ్రాములని ఉంటుంది, ఇంకోదాని మీద 500, మరోదాని మీద 1500. నాలుగో దాంట్లో బి12తో పాటు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ఫోలిక్ యాసిడ్, బి6, ఒక్కోసారి నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ కూడా కలిసి ఉంటాయి. ఒంటికి రోజుకు కావలసింది చూస్తే రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు పెద్దవాళ్ళకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు. అమెరికా వాళ్ళ లెక్క 2.4, యూరప్ వాళ్ళది 4. రెండు కావలసిన చోట పదిహేను వందలు అమ్మడమేమిటని అనుమానం రావడం సహజం. కొందరు దీన్ని కంపెనీల మాయ అంటారు. ఇంకొందరు ఎంత ఎక్కువుంటే అంత బలమని రోజూ వేసుకుంటారు. పేగులో బి12 లోపలికి వెళ్ళే తీరు తెలిస్తే ఈ అంకెలన్నీ ఒక దారికొస్తాయి.

శాకాహారులకు, పాలూ పెరుగూ కూడా మానేసిన వీగన్లకు అవసరమంటూ చెప్పే విటమిన్ల జాబితా చాంతాడంత ఉంటుంది. అందులో చాలావాటిని పప్పు, ఆకుకూర, రాగి, నువ్వులు, ఎండతో సర్దుకోవచ్చు. ఎంత జాగ్రత్తగా వండుకున్నా మొక్కల తిండితో పూడనిది ఒక్క బి12. అందుకే ఈ వ్యాసంలో సింహభాగం దానిదే.

చద్దన్నంలో లేదు, స్పిరులినాలో ఉన్నది పనికిరాదు

బి12ను తయారు చేయగలిగేవి బాక్టీరియా, వాటికి దూరపు చుట్టాలైన ఆర్కియా మాత్రమే. ఆవు తయారు చేయదు. ఆవు పొట్ట మొదటి గదిలో ఉండే బాక్టీరియా, మేతలోని కోబాల్ట్ తీసుకుని తయారు చేస్తుంది. అదే పాలల్లోకి, మాంసంలోకి చేరుతుంది. మొక్కలకు బి12 అవసరమే లేదు కాబట్టి వాటిలో ఉండదు. మన పెద్దపేగులోనూ బాక్టీరియా కొంత బి12 చేస్తుంది. కానీ దాన్ని పీల్చుకునే చోటు అంతకు పైన, చిన్నపేగు చివర ఉంది. ఊరు దాటాక బస్సెక్కి ఏం లాభం? తయారైంది తయారైనట్టే బయటికి పోతుంది.

పులిసినవాటిలో బి12 ఉంటుందన్న మాట బాగా తిరుగుతోంది. ఇడ్లీ పిండి, చద్దన్నం, ఆవకాయ అన్నీ ఈ ఖాతాలో పడిపోయాయి. పులియబెట్టే లాక్టిక్ బాక్టీరియాలో చాలా రకాలు బి12 చేయవు సరికదా, కొన్ని ఉన్నదాన్ని వాడుకుంటాయి కూడా. చద్దన్నం మంచిదే, కమ్మగా ఉంటుంది, తినండి. బి12 కోసమని తినకండి. స్పిరులినా అనే నీటి నాచుది మరో చిక్కు. సీసా మీద బి12 అంకె ఘనంగానే ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం నకిలీ రూపం, మన ఒంట్లోని ఎంజైములు దాన్ని వాడుకోలేవు. మామూలు రక్త పరీక్షలు కొన్ని ఈ నకిలీకీ అసలుకీ తేడా పట్టలేవు కాబట్టి రిపోర్టు కూడా మోసం చేయవచ్చు.

పేగులో రెండు దారులు

తిండిలోని బి12 ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. కడుపులోని ఆమ్లం, పెప్సిన్ కలిసి దాన్ని ఊడదీస్తాయి. ఊడిన వెంటనే లాలాజలంతో వచ్చిన ఒక ప్రోటీన్ పట్టుకుని కాపాడుతుంది. చిన్నపేగు మొదట్లో క్లోమం ఎంజైములు ఆ పట్టు విడిపిస్తాయి. అక్కడ కడుపు గోడ కణాలు వదిలిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దాన్ని అందుకుని, పేగంతా ప్రయాణం చేయించి, చివరి భాగమైన ఇలియంలో దింపుతుంది. అక్కడి కణాలు ఈ జంటను గుర్తుపట్టి లోపలికి తీసుకుంటాయి.

ఇలియంలో ఈ తలుపులు కొన్నే. ఒక విడతలో ఒకటిన్నర నుంచి రెండు మైక్రోగ్రాములు వెళ్ళేసరికి నిండిపోతాయి. మళ్ళీ తెరుచుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. తలుపు దగ్గర రెండు మైక్రోగ్రాములు నిలబడ్డా, రెండు వేలు నిలబడ్డా ఈ దారిన వెళ్ళేది అంతే.

రెండో దారికి తలుపూ లేదు, కాపలా లేదు. పేగు గోడ పొడవునా ఊరికే ఊరినట్టు లోపలికి ఇంకుతుంది. ఇలా వెళ్ళేది మింగినదాంట్లో సుమారు 1 శాతం. దీనికి ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అక్కర్లేదు. కడుపులో ఆమ్లం తగ్గినా ఆగదు.

ఇప్పుడు షీట్ల మీది అంకెలు చూద్దాం. 50 మైక్రోగ్రాముల బిళ్ళ వేసుకుంటే మొదటి దారిన ఒకటిన్నర, రెండో దారిన అర, మొత్తం రెండు. రోజుకొకటి వేసుకుంటే అవసరానికి దాదాపు సరిపోయింది, మిగతాది తిండిలోంచి వచ్చేది చూసుకుంటుంది. 1500 మైక్రోగ్రాముల బిళ్ళతో మొదటి దారిన అదే ఒకటిన్నర, రెండో దారిన 15, మొత్తం పదహారున్నర. వారానికి ఒక్కటే వేసుకుంటే రోజుకు 2.4 పడుతుంది, అంచు మీద నడక. వారానికి రెండు వేసుకుంటే రోజుకు 4.7 వస్తుంది, ఏ దేశపు లెక్కకైనా చాలు. రోజూ వేసుకుంటే విషమేమీ కాదు, బి12కు ఇంతకు మించకూడదన్న గరిష్ఠ పరిమితిని శాస్త్రవేత్తలు పెట్టలేదు. డబ్బు మాత్రం మూత్రంలో పోతుంది.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పూటకు కొంచెం చొప్పున మూడు పూటలా అందేవాళ్ళకు చిన్న మోతాదు చాలు, ఎందుకంటే ప్రతిసారీ తలుపు కొత్తగా తెరుచుకుంటుంది. వారానికోసారి వేసుకునేవాళ్ళకు 2000 మైక్రోగ్రాములు కావాలి. మోతాదు ఎంత అని అడిగే ముందు ఎన్నాళ్ళకోసారి అని అడగాలి.

నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు నేరుగా రక్తంలోకి వెళ్తాయని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. పోల్చి చూసిన పరీక్షల్లో మింగే బిళ్ళ కంటే వాటికి చెప్పుకోదగ్గ లాభమేమీ కనబడలేదు.

పాలు, పెరుగు తింటున్నాం కదా

ఎక్కువమంది తెలుగు శాకాహారుల ధీమా ఇదే. వంద మిల్లీలీటర్ల పాలలో బి12 సుమారు 0.4 మైక్రోగ్రాములు. ఒక మామూలు రోజు తీసుకుందాం. పొద్దున, సాయంత్రం కాఫీలకు కలిపి 150 మిల్లీలీటర్ల పాలు: 0.6. రెండు పూటలా కలిపి 200 గ్రాముల పెరుగు: పాల లెక్కన 0.8 రావాలి గానీ, తోడుకునేటప్పుడు అందులోని బాక్టీరియా కొంత తినేస్తుంది, 0.6 అనుకుందాం. మొత్తం 1.2. కావలసినదాంట్లో సగం చిల్లర.

ఈ లెక్క కూడా పచ్చిపాలది. ప్యాకెట్ పాలు డెయిరీలోనే పాశ్చరైజ్ అయి వస్తాయి. అయినా మన ఇళ్ళల్లో పొద్దున పొంగు రానిచ్చి, మధ్యాహ్నం వెచ్చబెట్టి, రాత్రి తోడుకు ముందు మళ్ళీ మరిగిస్తాం. కాచిన ప్రతిసారీ బి12 కొంత పోతుంది. టీ స్టాల్లో గంటల తరబడి మరిగే పాలల్లో మిగిలేది అడగక్కర్లేదు. పెరుగు గడ్డ పక్కన పెట్టి, మూడొంతులు నీళ్ళు పోసిన మజ్జిగే తాగేవాళ్ళు నీళ్ళు ఎన్ని పోశారో కూడా లెక్కలో వేసుకోవాలి. పాలు విరగ్గొట్టి పనీర్ చేస్తే కొంత బి12 నీటితో పాటు సింకులోకి పోతుంది. ఆ నీటిని పిండి కలపడానికో పప్పులోకో వాడితే మంచిది.

గుడ్డు తినే శాకాహారులకు: ఒక గుడ్డులో అర మైక్రోగ్రాము దాకా ఉంటుంది, దాదాపు అంతా పచ్చసొనలోనే. ఒంటికి పట్టేది అందులో పదో వంతు కూడా కాదు. పాలల్లోని బి12 అంతకంటే బాగా పడుతుంది. జిమ్ కోసం తెల్లసొన మాత్రమే తినేవాళ్ళు ఆ లెక్కలోకే రారు.

రేషన్ దుకాణాల్లో పంచిన ఫోర్టిఫైడ్ బియ్యం సంగతీ చెప్పాలి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల ఆకారంలో ఒత్తి, వందకొకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఆ గింజలు కొంచెం వేరే రంగులో ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. దాంతో ప్లాస్టిక్ బియ్యమని మన రెండు రాష్ట్రాల్లోనూ గగ్గోలు పుట్టి, చాలామంది వాటిని ఏరి పారేశారు. అవి పిండిగింజలే, ప్లాస్టిక్ కాదు. అయితే బి12కు వాటినే నమ్ముకోకూడదు కూడా. ప్రమాణం ప్రకారం కిలో బియ్యంలో ఉండాల్సింది 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా మహా అయితే అర మైక్రోగ్రాము. అది కూడా నాలుగు నీళ్ళు పోసి కడిగి, గంజి వార్చకపోతేనే.

మరి ఇన్నాళ్ళు మాంసం మానేసి హాయిగానే ఉన్నామే అంటే, కాలేయం దాచిపెట్టిన నిల్వ వల్ల. పెద్దవాళ్ళ ఒంట్లో రెండు నుంచి ఐదు మిల్లీగ్రాముల దాకా నిల్వ ఉంటుంది, అది కరగడానికి సంవత్సరాలు పడుతుంది. నిన్నటి వరకు కోడికూర తిని ఇవాళ వీగన్ అయినవాళ్ళకు మొదటి ఏడాదీ రెండో ఏడాదీ ఏమీ కాదు. "ఏ బిళ్ళా లేకుండా ఏడాదిగా వీగన్‌ను, చూడండి ఎలా ఉన్నానో" అనే వీడియోలన్నీ ఆ పాత నిల్వ ఖర్చు మీద తీసినవే. పుట్టుక నుంచీ శాకాహారి అయినవాళ్ళకు ఆ నిల్వ మొదటి నుంచే పల్చన.

రక్తం బాగుంటుంది, నరం దెబ్బతింటుంది

బి12 లోపం ముదిరితే రక్తహీనత వస్తుందని, ఎర్ర రక్తకణాలు పెద్దవవుతాయని పుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గర చాలాసార్లు అలా కనబడదు. కారణం ఆకుకూరలు, పప్పులు. వాటిలో ఫోలేట్ బాగా ఉంటుంది, బిళ్ళల్లోని ఫోలిక్ యాసిడ్ దాని కృత్రిమ రూపమే. రక్తంలోని లోపాన్ని అది కప్పిపెడుతుంది.

దీని వెనక చరిత్రలో ఒక తెలుగు పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. అప్పటిదాకా లివర్ రసం మీద నెట్టుకొస్తున్న పెర్నీషియస్ అనీమియా (ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ తయారుకాక వచ్చే రక్తహీనత) రోగులకు డాక్టర్లు ఇది ఇచ్చి చూశారు. రక్తం చకచకా కోలుకుంది. కానీ కొద్ది నెలల్లో కొందరికి కాళ్ళలో స్పర్శ పోవడం, నడక తూలడం మొదలైంది. రక్తానికి పనికొచ్చిన మందు నరాలకు పనికిరాలేదు. లివర్ రసంలో ఉన్న అసలు పదార్థం వేరే అని తేలి, 1948లో అమెరికాలో, ఇంగ్లండ్‌లో విడివిడిగా బి12ను స్ఫటికాలుగా వేరు చేశారు. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

లోపల జరిగేది ఇది. కొత్త రక్తకణాలు పుట్టాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏకు ఫోలేట్ కావాలి. వాడిన ఫోలేట్‌ను మళ్ళీ వాడుకునే రూపానికి తెచ్చేది బి12. బి12 లేకపోతే ఉన్న ఫోలేట్ కూడా పనికిరాని రూపంలో ఇరుక్కుపోతుంది. అప్పుడు బయటి నుంచి ఫోలిక్ యాసిడ్ దండిగా పోస్తే ఆ ఇరుకును తప్పించుకుని పని నడిచిపోతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది. కానీ నరాల మీది కొవ్వు పొరను నిలబెట్టే పనికి బి12 బదులు మరొకటి లేదు. ఆ పొర చడీచప్పుడూ లేకుండా ఊడుతూనే ఉంటుంది.

దీనికి తోడు మన దగ్గర ఇనుము లోపం, తలసీమియా ట్రెయిట్ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్త లోపం) మామూలే. అవి కణాలను చిన్నవి చేస్తాయి, బి12 లోపం పెద్దవి చేస్తుంది. రెండూ కలిస్తే సగటు సైజు, అంటే రిపోర్టులోని ఎంసీవీ, 80 నుంచి 100 మధ్య నార్మల్‌గా వచ్చి కూర్చుంటుంది. రిపోర్టులో ఎంసీవీ బాగుంది కాబట్టి బి12 బాగుందనుకోవడం అందుకే తప్పు. అదే కాగితంలో ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువుంటే, అంటే కణాల సైజుల్లో తేడాలు ఎక్కువుంటే, అప్పుడు అనుమానించాలి.

నరాల సూచనలు ముందు పాదాల్లో వస్తాయి. తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు, దూది మీద నడుస్తున్నట్టు ఉండటం. నరాల డాక్టర్లు మన దేశంలో తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారిన సంగతి తెలుస్తోందా?" జారింది తెలిసీ కాలు పట్టు చాలకపోవడం కండరాల బలహీనత. జారిందే తెలియకుండా నాలుగడుగులు వేసి, ఎవరో చెబితే వెనక్కి చూడటం స్పర్శ పోయిన గుర్తు. మరొకటి బాత్రూంలో బయటపడుతుంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే మనిషి తూలి గోడ పట్టుకుంటాడు. పాదాలు నేల ఎక్కడుందో చెప్పడం మానేశాక అన్నాళ్ళూ కళ్ళే ఆ పని చేస్తున్నాయన్నమాట. ఈ దశలో బిళ్ళల గురించి చదువుతూ కూర్చోకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆ వారంలోనే. నరాల దెబ్బ ఎన్ని నెలలు పాతదైతే తిరిగి రావడం అంత కష్టం.

షుగర్ ఉన్నవాళ్ళకు ఇక్కడ పెద్ద ప్రమాదం పొంచి ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఇలియంలో బి12 పీల్చుకోవడం తగ్గుతుంది. తిమ్మిర్లు మొదలైతే ఇంట్లోవాళ్ళు "షుగర్ తిమ్మిర్లే" అని తేల్చేస్తారు, కొన్నిసార్లు డాక్టర్లూ అంతే. శాకాహారం, మెట్‌ఫార్మిన్, పైగా ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళగా, కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్: ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం మన ఇళ్ళల్లో వింతేమీ కాదు. అలాంటివాళ్ళు ఏడాదికోసారి బి12 చూపించుకోవాలి.

పరీక్ష ఎప్పుడు, ఎలా

రక్తంలో బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోపం, 300 దాటితే చాలావరకు ఫరవాలేదు. మధ్యలోది సందేహపు మేర. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు పంపే రిపోర్టుల్లో యూనిట్ వేరు, లీటరుకు పికోమోల్ అని ఉంటుంది. ఇక్కడి 200 అక్కడ 148. అక్కడి 230ని ఇక్కడి కొలతలోకి మార్చితే 310 దాటుతుంది, కాబట్టి యూనిట్ చూడకుండా కంగారు పడక్కర్లేదు.

సందేహపు మేరలో ఉన్నవాళ్ళకు మిథైల్ మలోనిక్ యాసిడ్ గానీ హోమోసిస్టీన్ గానీ చూడాలి. బి12 తగ్గితే ఈ రెండూ పెరుగుతాయి. మొదటిది ఖరీదు, కిడ్నీ జబ్బు ఉంటే దానంతటదే పెరుగుతుంది. రెండోది చవక, కానీ నమూనా విషయంలో మహా పెంకిది. రక్తం తీశాక గంటలోపు కణాలను వేరు చేయాలి, లేదంటే ఐసులో పెట్టాలి. లేకపోతే కణాల్లోంచి హోమోసిస్టీన్ కారుతూ అంకె పెరిగిపోతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్ళిన ట్యూబు మే నెల ఎండలో బైక్ బ్యాగులో మరో ఆరిళ్ళు తిరిగి ల్యాబ్ చేరితే వచ్చేది మీ అంకె కాదు, ఎండ అంకె. ఈ పరీక్ష ల్యాబ్‌కు వెళ్ళి ఇచ్చుకోవడం మేలు.

ఇంకో రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. మొదటిది, బిళ్ళలు గానీ ఇంజెక్షన్ గానీ మొదలుపెట్టాక పరీక్ష చేయించడం. అప్పుడు 1500, 2000 అని వస్తుంది, అది మొన్నటి సూది మాట. ఒంట్లో నిల్వ నిండిందని కాదు. పరీక్ష ముందు, మందు తర్వాత. రెండోది జుట్టు బిళ్ళలు. వాటిలో బయోటిన్ 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కొన్ని ల్యాబ్ యంత్రాలు బయోటిన్‌నే గాలంగా వాడి బి12ను కొలుస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే బి12 లేనిది ఉన్నట్టు చూపిస్తాయి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు అవి ఆపాలి. ఏ బిళ్ళా వేసుకోకుండానే బి12 బాగా ఎక్కువ వస్తే సంతోషించకుండా కాలేయం, రక్తం సంగతి డాక్టరుతో చూపించుకోవాలి.

ఏది, ఎంత

లోపం లేనివాళ్ళు, రాకుండా చూసుకోవాలనుకునేవాళ్ళు: రోజుకు 50 నుంచి 100 మైక్రోగ్రాములు, లేదా 1000 లేక 1500 బిళ్ళ వారానికి రెండుసార్లు. వీగన్లకు ఇది తప్పనిసరి. పాలు పెరుగు బాగా తినే శాకాహారులకు కూడా, ముఖ్యంగా యాభై దాటాక, వేసుకోవడమే మంచిదని మా అభిప్రాయం. వయసుతో కడుపులో ఆమ్లం తగ్గి తిండిలోని బి12 ఊడిరావడం కష్టమవుతుంది, బిళ్ళలోది విడిగానే ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. సోమవారం, గురువారం అని రోజులు పెట్టుకుంటే మర్చిపోరు.

లోపం తేలినవాళ్ళకు ఇది చాలదు. నరాల లక్షణాలు లేకపోతే, పేగు బాగుంటే, రోజుకు 1000 నుంచి 2000 మైక్రోగ్రాముల బిళ్ళతో కోలుకోవచ్చు. లక్షణాలుంటే ఇంజెక్షన్లే: సాధారణంగా మొదట రోజూ లేక రోజు విడిచి రోజు 1000 మైక్రోగ్రాములు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి, డాక్టరు చెప్పిన వరస. హిమోగ్లోబిన్ రెండు నెలల్లో సర్దుకుంటుంది, నరాలకు ఆరు నెలలు, ఏడాది పడుతుంది. మొదటి రెండు వారాల్లో తిమ్మిర్లు కాస్త పెరిగినట్టు కొందరికి అనిపిస్తుంది, ఆపేయకూడదు. అసలు తప్పు చివర్లో జరుగుతుంది. ఆరు సూదుల కోర్సు అయిపోయింది, హుషారు వచ్చింది, ఇక బి12 మాట మర్చిపోతారు. తిండి మారలేదు కదా, రెండు మూడేళ్ళలో మళ్ళీ మొదటికొస్తుంది. కోర్సు అయ్యాక వారానికి రెండు బిళ్ళలు జీవితాంతం ఉండాల్సిందే.

బిళ్ళల్లో దొరికే బి12 రూపాల్లో సయనోకోబాలమిన్ వద్దు, మిథైల్‌కోబాలమినే సహజం అని ఒక వాదన. సయనో అన్న పేరు వినగానే సయనైడ్ గుర్తొస్తుంది. 1000 మైక్రోగ్రాముల బిళ్ళలో అది 20 మైక్రోగ్రాములు, ఆరోగ్యవంతుల ఒంటికి లెక్కలోనిది కాదు. ఏ రూపం మింగినా కణంలోకి వెళ్ళాక సయనో, మిథైల్ అన్న తల ఊడి, అక్కడ కావలసిన రూపానికి మారుతుంది. సయనో చవక, నిలవుంటుంది. మిథైల్ వెలుతురుకు పాడవుతుంది కాబట్టి షీటులోంచి తీసి కిటికీ దగ్గరి డబ్బాలో పోసుకోకూడదు. మన షాపుల్లో మిథైలే ఎక్కువ దొరుకుతుంది, అది కొన్నా నష్టం లేదు. కొనేటప్పుడు చూసుకోవలసింది వేరే ఉంది. షీటు వెనక బి12 ఒక్కటే ఉండాలి. ప్రీగాబాలిన్ కలిసినది మగతగా ఉంచుతుంది, నొప్పి లేనివాళ్ళకు దాంతో పనిలేదు. బి6 వంద మిల్లీగ్రాములున్న బి-కాంప్లెక్సును ఏళ్ళ తరబడి మింగితే ఆ బి6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు రావచ్చు. తిమ్మిర్లు పోవడానికి వేసుకున్నదే తిమ్మిర్లు తెస్తే ఎవరికి చెప్పుకుంటాం.

గర్భిణులకు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్ బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బి12 ఉండదు. పైన చెప్పిన సుబ్బారావు కాలం నాటి చిక్కు ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది: తల్లి రక్తం బాగున్నట్టే ఉంటుంది, ఆమెకు లక్షణాలుండవు, బిడ్డకు అందాల్సింది అందదు. ఒక్క తల్లిపాల మీదే ఉన్న పాప ఆరు నెలలు దాటాక నవ్వడం తగ్గిస్తుంది, నిలబెట్టిన మెడ వాల్చేస్తుంది, వేళ్ళ కణుపులు నల్లబడతాయి, జుట్టు పల్చబడుతుంది, తర్వాత చేతులు, తల వణుకుతాయి. బొద్దుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. శాకాహారి గర్భిణి, బాలింత బి12 మాట డాక్టరును తానే అడగాలి, పాప విషయంలో పిల్లల డాక్టరును.

మిగతావి, క్లుప్తంగా

విటమిన్ డి శాకాహారులకే ప్రత్యేకం కాదు, ఎండలోకి రాని అందరిదీ. ఇందులో జరిగే పొరపాటు మోతాదుది. 60,000 యూనిట్ల సాషే వారానికొకటి, ఎనిమిది వారాలు అని రాస్తే కొందరు రోజుకొకటి వేసుకుంటారు, కొందరు వారాలు అయిపోయినా ఏడాదంతా కొనసాగిస్తారు. బి12లా ఇది మూత్రంలో పోదు, కొవ్వులో పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీల దాకా వెళ్తుంది. అన్నం తిన్న తర్వాత, నెయ్యో నూనో తగిలిన పూట వేసుకుంటే బాగా పడుతుంది. వీగన్లు గమనించాల్సింది, మామూలు డి3 గొర్రె ఉన్ని జిడ్డులోంచి తీసింది. లైకెన్ నుంచి తీసిన డి3, పుట్టగొడుగుల డి2 విడిగా దొరుకుతాయి.

అయోడిన్ లోపం కొత్తగా కొనితెచ్చుకుంటున్నది. ఆరోగ్యమని సైంధవ లవణానికి మారినవాళ్ళు ప్యాకెట్ మీద అయోడిన్ కలిపారో లేదో చూడాలి, చాలావాటిలో కలపరు. చేపలు లేని ఇంట్లో, పాలు కూడా మానేస్తే, అయోడిన్ ఉప్పు తప్ప దిక్కు లేదు.

ఇనుము బిళ్ళ మాత్రం ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే రక్త పరీక్ష) చూడకుండా వేసుకోకండి. వేసుకుంటే రోజు విడిచి రోజు, కాఫీ టీలకు గంట రెండు గంటలు దూరంగా, కాల్షియం బిళ్ళతో కలపకుండా. పాలు మానేసినవాళ్ళ కాల్షియానికి రాగులు మంచి దారి, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల పైమాటే. పాలకూరను ఆ లెక్కలో వేయకూడదు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని వదలదు. ఒమేగా-3 కొవ్వుల కోసం అవిసె గింజలు దంచి వాడాలి, గింజగా మింగితే గింజగానే బయటికొస్తాయి.

చివరగా క్యాప్సూల్ తొడుగు. బి12 పరిశ్రమలో బాక్టీరియాతోనే తయారవుతుంది కాబట్టి మందు శాకాహారమే. కానీ మెత్తని క్యాప్సూళ్ళ తొడుగు చాలావరకు జెలటిన్, పశువుల ఎముకలు, తోళ్ళ నుంచి వచ్చేది. ఆహార సప్లిమెంటుగా అమ్మేదాని మీద పచ్చచుక్క చూసి తెలుసుకోవచ్చు, వీగన్ అయితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో విడుదల చేసిన పచ్చని వి గుర్తు ఉందేమో చూడవచ్చు. పచ్చచుక్క ఉంటే జెలటిన్ లేదని అర్థం, పాల చక్కెర లేదని కాదు. మందుగా అమ్మే షీట్ల మీద ఆ గుర్తులు ఉండాలన్న నియమం లేదు. అలాంటప్పుడు క్యాప్సూల్ బదులు గట్టి బిళ్ళ అడగడం తేలిక. అందులోనూ లాక్టోజ్ కలిసి ఉండవచ్చు, పట్టింపు ఉన్నవాళ్ళు కంపెనీకి రాసి కనుక్కోవాలి.